దివాన్ దేవిడీ ద్వారం, గచ్చు పనివారి నేర్పు

హైదరాబాదు పాతబస్తీలో నిజాంల దివాన్లైన సాలార్‌జంగ్‌ల నివాసం దివాన్ దేవిడీ ఇప్పుడు లేదు. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం తొలిసారి తెరుచుకున్నది ఆ భవనంలోనే. దాని ద్వారం మాత్రం బజారు రద్దీ మధ్య నిలిచి ఉంది. ఇలాంటి పాత కట్టడాలకు ప్రాణం గానుగ సున్నం. కాల్చిన సున్నపురాయిని నీళ్లు పోసి విరగబెట్టి, రోజుల తరబడి నాననిచ్చి, ఇసుకతో కలిపి గానుగలో రాతిచక్రం కింద వెన్నలా మెదిగేదాకా నూరుతారు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు చేరిస్తే పట్టు పెరుగుతుంది. ఒక పూత కాస్త ఆరాకే మరొకటి వేస్తారు. పైపూత పచ్చిగా ఉండగానే చిన్న తాపీతో ఆకులు, తీగలు తేల్చాలి. తొందరపడితే రూపు నిలవదు, ఆలస్యమైతే పనిముట్టు దిగదు. ఆ అదను వేలికొనకే తెలియాలి. ఈ గచ్చు పనిలో అన్నిటికన్నా కష్టమైన విద్య ఇదే. చివరికి నున్నటి రాయితో రుద్ది మెరుగు పెడతారు.

సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది, గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు పూత ఆ చెమ్మను లోపలే బంధించి పాత ఇటుకను, రాయిని పిండి చేస్తుంది. అందుకే మరమ్మతుకు వచ్చిన పనివారు మళ్లీ గానుగ సున్నమే సిద్ధం చేసుకుంటారు.