మీటరు ముల్లు వెనక

ట్యాంకులో సగం పెట్రోలుంటుంది, ముల్లు మాత్రం సున్నా దగ్గరే పడుకుని ఉంటుంది. పాత కారున్నవాళ్లు చాలామంది మీటరు పోయిందనుకుని ఇంకోటి కొనేస్తారు. అది బిగించాక కూడా ముల్లు లేవదు. యాభై అరవై ఏళ్ల కారులో మీటరుకంటే ముందు చెడేవి దానిదాకా కరెంటు మోసే అతుకులు. చెడిన ఆ ఒక్క అతుకు ఎక్కడుందో పట్టుకోవడమే ఈ పనిలో అసలు విద్య.

ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ కారునే తీసుకుందాం. 1960ల నడిమి నుంచి వచ్చిన కార్లలో పెట్రోలు మీటరు లోపల ఒక ద్విలోహ పట్టీ, దానికి చుట్టిన సన్నని తీగ ఉంటాయి. కరెంటు పారితే తీగ వేడెక్కి పట్టీ వంగుతుంది, ముల్లు మెల్లగా లేస్తుంది. బ్యాటరీ వోల్టేజీ ఇంజను ఆగినప్పుడు 12, నడుస్తుంటే 14 దగ్గర ఉంటుంది. ఆ తేడా ముల్లు మీద పడకుండా డాష్‌బోర్డు వెనక స్టెబిలైజర్ అనే చిన్న డబ్బీ పెట్టారు. అది కరెంటును కలుపుతూ తెంపుతూ సగటున 10 వోల్టులు అందిస్తుంది. డబ్బీకి ఎర్త్, అంటే కారు బాడీతో కలిపే అతుకు, పోయిందా, తెంపడం ఆగిపోయి బ్యాటరీ వోల్టేజీ మొత్తం మీటరుకు చేరుతుంది. అప్పుడు ముల్లు ఉన్న పెట్రోలుకంటే ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మినవాళ్లు నడిరోడ్డు మీద ఆగిపోతారు.

ఈ కార్లలో చాలా రోగాలకు మూలం ఎర్తే. కరెంటు వెళ్లడానికి తీగ ఉంటుంది కానీ తిరిగి రావడానికి చాలాచోట్ల కారు బాడీయే దారి. మీటరు బిగింపు దగ్గర తుప్పు పట్టినా, ఎవరో రంగు వేసి దానిమీదే నట్టు బిగించినా ఆ దారి మూసుకుపోతుంది. కరెంటు పక్క బల్బు గుండానో, ఇంకో మీటరు గుండానో దొంగదారి వెతుక్కుంటుంది. లైట్లు వేయగానే పెట్రోలు ముల్లు కదిలినా, ఇండికేటరు వేస్తే సంబంధంలేని బల్బు మినుకుమన్నా ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే. మల్టీమీటరు ఒక కొన మీటరు డబ్బాకు, రెండోది బాడీకి కలిపిన బ్యాటరీ టెర్మినల్‌కు ఆనించి లైట్లు వేసి చూడండి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు వచ్చిందంటే మధ్యలో అతుకు చెడినట్టే. (1967కు ముందు ఎంజీబీల్లో బాడీకి కలిపింది పాజిటివ్ కొన. ఇది మరిచిపోకూడదు.)

ట్యాంకు దగ్గర పరీక్షకు జాగ్రత్త కావాలి. ఇగ్నిషన్ ఆపి, ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచి మీటరుకు చెప్పే సెండర్ నుంచి ఆకుపచ్చ మీద నల్లచార ఉన్న తీగ ఊడదీసి, బాడీ మీద శుభ్రమైన ఇనుముకు గట్టిగా కట్టాకే ఇగ్నిషన్ వేయాలి. పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ పుట్టకూడదు. ముల్లు లేవగానే ఆపేయాలి. లేచిందంటే తీగా మీటరూ బాగున్నట్టే, లోపం సెండర్‌దో దాని ఎర్త్‌దో.

చెడిన అతుకు పైకి తెలియదు. రబ్బరు తొడుగు వెనక్కి లాగితే తీగ కొనకుండే బుల్లెట్ అనే ఇత్తడి ముక్క మీద పచ్చని చిలుము కనిపిస్తుంది. ముందు బ్యాటరీ తప్పించాలి. చిలుము కొద్దిగా ఉంటే గరుకు కాగితంతో పోతుంది. తీగ కొన నల్లబడితే మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్త బుల్లెట్ బిగించాలి. టంకం కంటే మంచి క్రింపింగే, అంటే నొక్కి బిగించడమే, నాకిష్టం. టంకం లోపలికి పాకితే తీగ బిరుసెక్కి కారు అదురుకు అక్కడే విరుగుతుంది.

తీగ మార్చక తప్పకపోతే అదే రంగు వేయండి. ఈ కార్లకు కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీ పద్ధతిలో గోధుమరంగు బ్యాటరీ నుంచి, తెలుపు ఇగ్నిషన్ నుంచి, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వస్తాయి. నలుపు ఎర్త్. దొరికిన ఎర్రతీగ వేసి ఊరుకుంటే తర్వాత చేయి పెట్టేవాళ్లకు ఆ కారు అర్థం కాదు. రంగు వెలిసిపోతే క్లిప్పు కింద ఎండ తగలని చోట చూడండి, అక్కడ ఇంకా మిగిలి ఉంటుంది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారలో 2014 దాకా తయారైన అంబాసిడర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. వాటికి వైరింగ్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే, ముందు డాష్‌బోర్డు వెనక ఎర్త్ నట్టు విప్పి, గీకి, మళ్లీ బిగించి చూడమనండి.