లారీ రూపంలో వచ్చింది లారీయే

తెలుగు పేపర్లలో నాకు కంఠతా వచ్చేసిన ప్రక్రియ ఒకటుంది: రోడ్డు ప్రమాద వార్త. ఛందస్సులాగా దీనికీ నియమాలున్నాయి. ఎత్తుగడలో పెళ్లో దైవదర్శనమో ఉంటుంది. కుటుంబమంతా సంతోషంగా బయల్దేరుతుంది. ఇంకో అరగంటలో ఇల్లు చేరతారనగా మృత్యువు లారీ రూపంలో దూసుకొస్తుంది. కారు అదుపు తప్పుతుంది, నుజ్జునుజ్జవుతుంది. రెప్పపాటులో కొందరు అనంత లోకాలకు వెళ్లిపోతారు. గ్రామంలో విషాదఛాయలు అలముకుంటాయి. చివరి వాక్యంలో పోలీసులు కేసు నమోదు చేసుకుని దర్యాప్తు చేస్తుంటారు. ఆ దర్యాప్తు ఏం తేల్చిందో చెప్పే రెండో వార్త మాత్రం దాదాపు ఎప్పుడూ రాదు.

రాసేవాళ్లని వెక్కిరించడానికి ఇది చెప్పడం లేదు. డెడ్‌లైన్ ముంచుకొస్తుంటే ఫోన్లో వివరాలు కనుక్కుని రాసే విలేకరికి పడికట్టు మాటలు పెద్ద ఆసరా. నా పేచీ వాటి వ్యాకరణంతో. ‘కారు అదుపు తప్పింది’ అనే వాక్యంలో కర్త ఎవరు? కారు. ఎవరి అదుపు తప్పింది, ఎంత స్పీడులో తప్పింది, ఆ మలుపు దగ్గర హెచ్చరిక బోర్డు ఉందా, అదే చోట ఇంతకుముందు ఎన్నిసార్లు ఇలా జరిగింది — ఇవన్నీ ఆ మూడు మాటల కింద పూడుకుపోతాయి. ఇక మృత్యువే కర్త అయితే అడగడానికి ఏమీ మిగలదు. దాని లైసెన్స్ రద్దు చెయ్యలేం కదా. కానీ ఆ వచ్చింది లారీ. దానికో డ్రైవరున్నాడు, అతను ఎన్ని గంటలుగా నిద్రపోలేదో ఒక లెక్కుంది. రోడ్డు పక్కన ఆపేసిన లారీ అయితే, వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో, రిఫ్లెక్టర్ స్టిక్కర్ ఉందో లేదో చూసి రాయొచ్చు.

ఇందులో కథకులకీ, సినిమావాళ్లకీ వాటా ఉంది. హీరోని అనాథని చెయ్యాలంటే, కథకి అడ్డొస్తున్న భర్తని తప్పించాలంటే, ఒక యాక్సిడెంట్ చాలు. ఆ యాక్సిడెంట్ ఎందుకు జరిగిందని ఏ పాత్రా అడగదు. రచయితకి ఏం చెయ్యాలో తోచనప్పుడు లారీ వస్తుంది. మనం దాన్ని విధి అని చదువుకుంటాం.

విచిత్రం ఏంటంటే, ‘ప్రమాదం’ అనే మాటలోనే జవాబుంది. సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. ‘అప్రమత్తంగా ఉండండి’ అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. ధమ్మపదంలో ఒక అధ్యాయం పేరు ‘అప్పమాద వగ్గ’. కారణానికి ఉన్న పేరునే మనం ఫలితానికి పెట్టుకున్నాం, ఆ తర్వాత కారణాన్ని మర్చిపోయాం. ఇంగ్లీషులోనూ ఇలాంటి గొడవే జరిగింది. ‘యాక్సిడెంట్’ అంటే ఎవరూ ఆపలేనిది అన్న ధ్వని వస్తోందని, 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తన పేజీల్లో ఆ మాటని నిషేధించింది. మనకి మాట మార్చే అవసరం కూడా లేదు. ఉన్న మాటకి దాని అర్థం తిరిగిచ్చేస్తే చాలు.

ఆ అర్థంతో కొన్ని అంకెలు చదువుదాం. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో సీటు బెల్టు పెట్టుకోనివాళ్లు 16,715 మంది. అందులో దాదాపు సగం, 8,331 మంది, పక్కనో వెనకో కూర్చున్న ప్రయాణికులు. పేపర్లో ‘కుటుంబం’ అని వచ్చేది ఎక్కువగా వీళ్ల గురించే.

పడికట్టు మాటలు ఇళ్లలోనూ ఉన్నాయి. అమ్మ ఒడిని మించిన భద్రమైన చోటు లేదంటాం. కారులో ఈ పోలిక పనిచెయ్యదు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేన్నైనా గుద్దుకుని ఠక్కున ఆగితే, బెల్టు లేని మనిషి అదే వేగంతో ముందుకి పోతాడు. దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి పడితే నేలని తాకే వేగం అది. అంత ఎత్తు నుంచి పడే బిడ్డని చేతుల్తో ఆపగలనని ఏ తల్లీ అనుకోదు. అదే ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుని ‘పట్టుకున్నాలే’ అంటుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే, దానికీ తల్లికీ మధ్య నలిగేది ఆ బిడ్డే. 14 ఏళ్ల లోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో ఉండి తీరాలని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అమెరికాలో ఉన్న మనవాళ్లు పుట్టిన బిడ్డని ఆసుపత్రి నుంచి కారు సీట్లోనే ఇంటికి తెచ్చుకుంటారు. సంక్రాంతికి ఇక్కడ దిగగానే అదే బిడ్డ తాతయ్య ఒళ్లోకి, ముందు సీట్లోకి వచ్చేస్తుంది. ఇక్కడ ఎవరూ అలా చెయ్యరుగా అంటారు.

పోయినవాళ్లు బెల్టు పెట్టుకోలేదని రాయడం క్రూరం కాదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దుఃఖంలో ఉన్న ఇంటి ముందు నిలబడి తప్పులెన్నడం ఎవరికీ బాగుండదు. కానీ కారణం చెప్పడం వేరు, నింద వెయ్యడం వేరు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర కారు వంతెన గోడని గుద్దుకుని సైరస్ మిస్త్రీ చనిపోయారు. వెనక సీట్లో ఉన్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు, పేపర్లు రాశాయి. ఆ వంతెన దగ్గర రోడ్డు ఇరుకైపోవడం గురించీ రాశాయి. వెనక సీటుకీ బెల్టు తప్పనిసరన్న రూలు అప్పటికే ఉంది. దాని గురించి దేశమంతా మాట్లాడుకున్నది మాత్రం ఆ వార్తల తర్వాతే. మృత్యువు కబళించింది అని రాసి ఊరుకుని ఉంటే ఆ చర్చ వచ్చేదే కాదు.

పైగా ఏమరుపాటు ఎప్పుడూ చనిపోయినవాళ్లదే కానక్కర్లేదు. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, దానికి ప్రాణం మూల్యం కాకూడదు, అలాంటి రోడ్లు వెయ్యడం వేసేవాళ్ల బాధ్యత — 1997లో స్వీడన్ పార్లమెంటు ఆమోదించిన ‘విజన్ జీరో’ సారాంశం ఇదే. ఈ లెక్కన ప్రమాద వార్తలో ఇంజినీరుకీ, టోల్ వసూలు చేసే కంపెనీకీ, లారీ ఓనరుకీ చోటుండాలి. నాకు కావలసిన వార్త చాలా పొడిగా ఉంటుంది. స్పీడు ఎంత, బెల్టులు ఎవరికున్నాయి, ఎవరికి లేవు, లారీకి వెనక లైట్లున్నాయా, అదే చోట ఇది ఎన్నోసారి. విషాదఛాయలు మనంతట మనమే ఊహించుకోగలం. నెల తర్వాత రెండో వార్త కూడా రావాలి.

వచ్చే సంక్రాంతికీ పంతంగి టోల్ దగ్గర విజయవాడ వైపు కార్లు బారులు తీరతాయి. పేపర్లు తమ భాష ఎప్పుడు మార్చుకుంటాయో తెలీదు. ఈలోగా మీరు బయల్దేరే ముందు వెనక సీటు కవరు కింద చెయ్యి పెట్టి చూడండి. బెల్టు బకిల్ అక్కడే ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని బయటికి లాగండి.