ఆంగ్లక్రియాసముదాయమున క్రియావిశేషణస్థానము

ఆంగ్లమును బోధించు మన పండితులలో కొందఱు, విద్యార్థుల వ్రాఁతలను దిద్దునపుడు, సహాయక్రియకును ప్రధానక్రియకును నడుమ చేరిన క్రియావిశేషణమును దోషముగా నెంచి, ఎఱ్ఱసిరాతో కొట్టివైచి, ముందునకో వెనుకకో జరుపుచున్నారు. 'హీ విల్ ప్రాబబ్లీ కమ్' అని వ్రాసిన బాలుఁడు 'హీ ప్రాబబ్లీ విల్ కమ్' అని దిద్దుకొనవలసినవాఁ డగుచున్నాఁడు. 'క్రియను చీల్చరా'దనునది వారు చెప్పు హేతువు. ఈ నిషేధమునకు ఆంగ్లమున ప్రమాణ మున్నదా, లేనిచో నిది యెచ్చటినుండి వచ్చినది యని విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. మార్కులు పోయిన బాలునకు కలుగు నష్టము స్వల్పమే. ఒప్పును తప్పని నేర్చి, తాను ఉపాధ్యాయుఁడైన పిమ్మట దానినే పదిమందికి నేర్పుట స్వల్పము గాదు.

విల్, షల్, కెన్, మే, మస్ట్ మొదలగునవి విధి, సంభావన, శక్తి, అనుజ్ఞ మున్నగు నర్థములను తెలుపు సహాయక్రియలు. సంస్కృతమున విధ్యాద్యర్థములందు విహితమైన లిఙ్‌ప్రత్యయము ధాతువునకు చేరి చెప్పు నర్థమును ఆంగ్లము వేఱుపదముచే చెప్పును. 'గచ్ఛేత్' అన్నచో నది యొక్కటే పదము. దాని నడుమ మఱియొక పదము దూఱుటకు సందు లేదు. 'మే గో' అన్నచో నవి రెండు పదములు. ప్రాచీనాంగ్లమున నీ సహాయక్రియలు స్వతంత్రక్రియలే. విల్ అనఁగా కోరుట, కెన్ అనఁగా ఎఱుఁగుట, మే అనఁగా సమర్థమగుట, షల్ అనఁగా ఋణపడియుండుట. నేఁడును వాని స్వాతంత్ర్యము పూర్తిగా నశింపలేదు. ప్రశ్నయందు 'విల్ హీ కమ్' అని కర్తయే నడుమ చేరుచున్నది. నిషేధమున 'విల్ నాట్ కమ్' అని నఞర్థకము నడుమనే యుండవలెను. కర్తకును నఞర్థకమునకును తెఱచిన వాకిలి క్రియావిశేషణమునకు మాత్ర మేల మూయవలెను?

పూర్వవ్యాకర్త లిట్లు మూయలేదు. లిండ్లే ముర్రే 1795లో ప్రకటించిన వ్యాకరణము చిరకాలము పాఠశాలల నేలినది. అందే క్రియావిశేషణము తఱచుగా సహాయక్రియకును క్రియకును నడుమ నుండునని స్పష్టముగా చెప్పఁబడినది. పందొమ్మిదవ శతాబ్దిలో వేఱొక నిషేధము బయలుదేఱినది. 'టు' అను పదమునకును తుమర్థకక్రియకును నడుమ క్రియావిశేషణ ముంచరాదని దాని సారము. కాంటర్బరీ ధర్మాధికారియైన హెన్రీ ఆల్ఫర్డు 1864లో నిట్టి ప్రయోగమును గర్హించెను. ఆ నిషేధము బాగోగు లటుండనిండు. దానికి హడలినవారు 'టు' లేని చోటను చీలికను చూచి భయపడఁ దొడఁగిరి. 1926లో తన ప్రయోగకోశమును వెలువరించిన ఫౌలరు ఈ రెండవ భయము మొదటిదాని సంతానమే యని కనిపెట్టి, సముదాయక్రియలో క్రియావిశేషణమునకు సహజస్థానము నడిమిదే యని తీర్పు చెప్పెను. అయినను భయము తీఱలేదు. అమెరికాలోని అసోసియేటెడ్ ప్రెస్ వారి శైలీగ్రంథము సముదాయక్రియలను వికృతముగా చీల్పరాదని చాలకాలము హెచ్చరించుచు వచ్చి, 2019లో గాని ఆ మాటను సడలింపలేదు.

మనవారికి ఈ నిషేధము ఇంత సులభముగా రుచించుటకు వేఱొక కారణము కలదని నా యభిప్రాయము. అది మన వ్యాకరణశిక్షయే. అష్టాధ్యాయి తృతీయాధ్యాయ ప్రథమపాదమున నలువదియవ సూత్రముచే, లిట్టునందు ఆమ్‌ప్రత్యయాంతమునకు వెనుక కృఞాదుల యనుప్రయోగము విహితమైనది. అందలి 'అను' శబ్దము విపర్యాసమును, వ్యవధానమును నివారించుటకే యని వార్తికకారుఁడు చెప్పెను. అనఁగా 'ఈహాం చక్రే' అనవలెనే గాని, ఆ రెంటినడుమ దేవదత్తుని నిలుపరాదు. రఘువంశ నవమసర్గమున మృగయావర్ణనలో కాళిదాసు 'పాతయామ్' అనుదానికిని 'ఆస' అనుదానికిని నడుమ 'ప్రథమమ్' అను క్రియావిశేషణము నుంచినందులకు వైయాకరణులు మహాకవి యనియైన చూడక అపప్రయోగ మనిరి. ఈ వివాదమున నేను వైయాకరణుల పక్షమువాఁడనే. కాని యా శాసనము సంస్కృతలక్ష్యమునుండి పుట్టినది, సంస్కృతమునకే చెల్లును. అదే పాణిని ప్రథమాధ్యాయ చతుర్థపాదమున ఉపసర్గలు ధాతువునకు ముందు నిలుచునని చెప్పి, ఆ వెంటనే ఛందస్సునందు అవి వెనుకను రావచ్చును, వ్యవహితములును గావచ్చునని యనుమతించినాఁడు. లక్ష్యమెట్లున్నదో లక్షణ మట్లు వ్రాసెనే గాని, లౌకికప్రయోగమునకు విరుద్ధమని వేదమును దిద్దఁబూనలేదు. లిట్టు సూత్రముతో ఆంగ్లమును దిద్దువారు ఆ మునికన్న కఠినులు!

మన తెలుఁగును వారికి తోడ్పడుచున్నది. 'చేయవలెను', 'చేయఁగలఁడు', 'చేయవచ్చును' అనుచోట్ల నడుమ దూఱఁదగినది 'చేయనే వలెను' అనునపుడు వచ్చు అవధారణార్థక మొక్కటే. 'తప్పక చేయవలెను' అని విశేషణమును ముందుంచుట మనకు నైజము. కావున 'సర్టెన్లీ మస్ట్ డూ' అనునది మన చెవికి సరిపడును. ఆంగ్లేయుని చెవి వేఱు.

ఇది చెవిమాట మాత్రమే యైనచో నింత వ్రాయ నక్కఱలేదు. స్థానము మాఱిన అర్థము మాఱును. 'షీ మే సింగ్ వెల్' అన్నచో ఆమె చక్కగా పాడవచ్చునని యర్థము. ఇందు 'వెల్' పాటకు విశేషణము. 'షీ మే వెల్ సింగ్' అన్నచో ఆమె పాడుటకు మిక్కిలి యవకాశ మున్నదని యర్థము. పాట యెట్లుండునో చెప్పలేదు. ఇందు 'వెల్' సంభావనకు విశేషణము. క్రియను చీల్చరాదని 'వెల్' ను కడకు జరపిన పండితుఁడు వాక్యమును దిద్దుట లేదు, గాయనిని మెచ్చుకొనుచున్నాఁడు. అట్లే 'హీ కుడ్ ఈజిలీ హావ్ డైడ్' అనఁగా అతఁడు చావుదప్పి బయటపడెనని తాత్పర్యము. 'ఈజిలీ' ని చివరకు త్రోసినచో సుఖమరణ ప్రస్తావన వచ్చిపడును.

సహాయక్రియలు రెండు మూఁడు కూడినపుడు వ్యవస్థ మఱింత స్పష్టమగును. 'ది లెటర్ షుడ్ సర్టెన్లీ హావ్ బీన్ రెడ్' అనుచో నిశ్చయార్థకము మొదటి సహాయక్రియను అంటియున్నది, ఏలయన నది కర్తవ్యతను విశేషించుచున్నది. 'షుడ్ హావ్ బీన్ కేర్‌ఫుల్లీ రెడ్' అనుచో సావధానత చదువుటకు సంబంధించినది గాన, విశేషణము ప్రధానక్రియ ప్రక్కకు చేరినది. ఒకదాని చోట రెండవదానిని పెట్టి చూచినచో ఆ యెగుడుదిగుడు తెలియును. కాలవాచకములును సంశయవాచకములును మొదటి సహాయక్రియవైపు, రీతివాచకములు ప్రధానక్రియవైపు మొగ్గును. 1985లో క్వర్కు, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అను నలువురు ప్రకటించిన బృహద్వ్యాకరణమున ఈ మధ్యస్థానమే మఱల మూఁడుగా విభజింపఁబడినది. సహాయక్రియకు ముందుంచుటయు సర్వత్ర దోషము గాదు. 'హీ నెవర్ వుడ్ లిజన్' అని సహాయక్రియను ఊఁది పలుకునపుడు అదియే యుక్తము; అమెరికావారు ఊఁతలేకయు నట్లు వ్రాయుదురు. సాధువును సాధువుగా నుండనిమ్మనియే నా మనవి.

నఞర్థకమును గూర్చి యొక్కమాట. 'మస్ట్ నాట్ గో' అనునపుడు నిషేధము పోవుటను పట్టుకొన్నది, పోకుండుటయే విహితము. 'నీడ్ నాట్ గో' అనునపుడు నిషేధ మావశ్యకతను పట్టుకొన్నది. పోవుట నిషిద్ధము గాదు. పదక్రమ మొక్కటే, అన్వయము వేఱు. పర్యుదాస ప్రసజ్యప్రతిషేధముల భేద మెఱిఁగినవారి కిది క్రొత్త గాదు. తెలుఁగున 'పోరాదు', 'పోనక్కఱలేదు' అని రూపమే వేఱగుటచే మనకు సందేహ ముండదు. 'హీ మే నాట్ గో' యందు మాత్రము 'అతఁడు పోరాదు' అనియు, 'అతఁడు పోకపోవచ్చును' అనియు రెండర్థములును పొసఁగును. పలుకునపుడు స్వరము కొంత తెలుపును. వ్రాఁతలో స్వరము లేదు. అపుడు 'హీ మే వెల్ నాట్ గో' అని రెంటినడుమ 'వెల్' ను నిలిపినచో, అనుజ్ఞానిషేధము తొలఁగిపోయి, పోకపోవుటయే మిక్కిలి సంభావ్య మను నొక్క యర్థమే నిలుచును.