రేచర్ల రుద్రుడి పనితనం

దుండిగల్ దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి, ఘట్‌కేసర్‌లో దిగి వరంగల్ దారి పడితే, ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర పాలంపేటకు మళ్లాలి. మా వైపు నుంచి రామప్ప గుడికి వెళ్లేవాళ్లు నీళ్లలో తేలే ఇటుకల గురించి అడుగుతారు, మదనికల శిల్పాల ముందు ఫోటోలు దిగుతారు, ఎవరి పేరుతో గుడిని పిలుస్తారో ఆ శిల్పి రామప్పను తలుచుకుంటారు. కట్టించిన రేచర్ల రుద్రుడి సంగతి ఎక్కువమంది అడగరు. నాకైతే ఆ గుడి ఎంత గొప్పదో, ఆ మనిషి అంత గొప్పవాడు.

1195-99 మధ్య ఓరుగల్లుకు పెద్ద గండం వచ్చింది. కాకతీయ రాజు రుద్రదేవుడు, ఆయన తమ్ముడు మహాదేవుడు ఒకరి వెనక ఒకరు దేవగిరి యాదవులతో పోరులో పోయారు. మహాదేవుడి కొడుకు గణపతిదేవుడు శత్రువు చేతిలో బందీ అయ్యాడు. సింహాసనం ఖాళీ. సామంతులు తలలెత్తారు. ఆ సమయంలో సేనాని రేచర్ల రుద్రుడు తిరుగుబాట్లను అణచి, రాజ్యాన్ని చెదరకుండా కాపాడాడు. యాదవరాజు గణపతిదేవుణ్ణి విడిచిపెట్టి పంపేసరికి ఆయన కూర్చోవడానికి గద్దె ఉంది, ఏలడానికి రాజ్యం ఉంది. కాకతిరాజ్యసమర్థుడన్న బిరుదు రుద్రుడికి ఊరికే రాలేదు.

ఇలాంటి అవకాశం దొరికిన కొలువు పెద్దలు వేరేచోట ఏం చేశారో చరిత్రలో ఉంది. ఫ్రాంకుల రాజ్యంలో చార్లెస్ మార్టెల్ రాజమందిరానికి పెద్దగా ఉంటూ పెత్తనమంతా నడిపాడు. 737లో రాజు చనిపోతే ఇంకొకరిని కూర్చోబెట్టకుండానే ఏలాడు. 751లో ఆయన కొడుకు పెపిన్ చివరి రాజు జుట్టు కత్తిరించి మఠానికి పంపి, కిరీటం తనే పెట్టుకున్నాడు. రుద్రుడి చేతిలోనూ సైన్యముంది, ఎదుట ఖాళీ గద్దె ఉంది. ఆయన దాని మీద కూర్చోలేదు. గణపతిదేవుడు తిరిగొచ్చి అరవై ఏళ్లకు పైగా ఏలాడు. రుద్రుడు ఆ రాజు కొలువులోనే ఉంటూ 1213లో ఈ రుద్రేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించాడు. గుడి ఆవరణలోని శాసనంలో కాకతీయుల వంశాన్నీ చెప్పించాడు, తన వంశాన్నీ చెప్పించాడు.

ఇక గుడి. ఇక్కడి పనివాళ్లు బరువును ఎలా అర్థం చేసుకున్నారో గమనిస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. పునాది గోతిలో ఇసుక నింపారు. గోడలకు ఎర్ర ఇసుకరాయి, స్తంభాలకూ మదనికలకూ గట్టి నల్లరాయి. పైన శిఖరానికి మాత్రం నీటికన్నా తేలికైన, సన్నని రంధ్రాలున్న ఇటుకలు. కింద ఎంత గట్టితనం కావాలో పైన అంత తేలిక కావాలని వాళ్లకు తెలుసు. రంగమండపంలో నడిస్తే నేల కొన్నిచోట్ల కుంగి, ఎగుడుదిగుడుగా కాళ్లకు తగులుతుంది. అయినా నడుమనున్న నాలుగు స్తంభాలు నిలబడే ఉన్నాయి. పై దూలాల మీద క్షీరసాగర మథనం, త్రిపుర సంహారం చెక్కుచెదరలేదు.

మూడు ద్వారాల దగ్గర కలిపి పన్నెండుమంది మదనికలు. స్తంభం నుంచి చూరు కిందికి ఏటవాలుగా సాగి, ఆ బరువు తమదే అన్నట్టు నిలబడతారు. కానీ ఒక్కరి ముఖంలోనూ శ్రమ కనిపించదు. ఒకామె ఎత్తు మడమల పాదుకలు తొడుక్కుంది. ఇంకొకామె కాలి ముల్లు తీయించుకుంటోంది. దగ్గరికి వెళ్లి ఒకామె మెడ కింద చూడండి. హారం చెక్కి ఊరుకోలేదు, ఆ హారం నీడ ఒంటిమీద ఎలా పడుతుందో అదీ చెక్కారు. ఇసుకరాయి ఉలి చెప్పినట్టు వింటుంది. ఈ నల్లరాయి వినదు. ఒక్క దెబ్బ ఎక్కువైతే చెంప లేచిపోతుంది. అలాంటి రాయిలో నీడను చెక్కాలన్న ఆలోచన వచ్చిన మనిషికి ఎంత ధైర్యం ఉండాలి! స్తంభాల మీద సూది దూరేంత సన్నని రంధ్రాల అల్లికలు కూడా ఉన్నాయి. గోడ అడుగున బారులు తీరిన ఏనుగుల వరసను ఓపిగ్గా చూస్తూ గుడి చుట్టూ తిరగాలి. ఎదుటి మండపంలో నంది చెవులు రిక్కించిన తీరు అద్భుతం. స్వామి పిలిస్తే లేచేలా ఉంటుంది.

కొన్నేళ్ల తర్వాత, 1254 ప్రాంతంలో, అదే గణపతిదేవుడి కొలువులో గజసేనాని జాయప నృత్తరత్నావళి రాశాడు. ఆ గ్రంథం గురించి మాట్లాడే నాట్యాచార్యులు ఈ గోడల మీది భంగిమలను చూపిస్తారు. సేనానులు గుడి కట్టించి, నాట్యశాస్త్రం రాసిన కొలువు అది. 2021 జూలైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. తెలంగాణలో ఆ గౌరవం దక్కిన మొదటి కట్టడం ఇదే.

గుడి చూసి వెనక్కి తిరిగితే పని సగమే చూసినట్టు. కిలోమీటరు దూరంలో కొండల మధ్య కట్ట వేసి రుద్రుడు చెరువు కూడా కట్టించాడు. గుడి ఒక్కటే కడితే దీపం ఎన్నాళ్లు వెలుగుతుంది? నైవేద్యానికి బియ్యం కావాలి, బియ్యానికి నీళ్లు కావాలి. అందుకే స్వామికి ఊళ్లు దానమిచ్చాడు, ఊరికి చెరువిచ్చాడు. రామప్ప చెరువు కింద ఇప్పటికీ వరి పండిస్తున్నారు.