పడు నేర్పే ఇంగ్లీషు

రాయికల్‌లో పదో తరగతి పిల్లవాణ్ణి ‘పోస్ట్‌పోన్’ అంటే ఏమిటని అడగండి, వాయిదా వేయడమని టక్కున చెబుతాడు. ‘పుట్ ఆఫ్’ అంటే ఏమిటంటే ఆగిపోతాడు. పుట్ తెలుసు, ఆఫ్ తెలుసు, ఆ రెండూ కలిసి ఏమయ్యాయో తెలియదు. ‘టాలరేట్’ వచ్చిన పిల్లకు ‘పుట్ అప్ విత్’ రాదు. పెద్ద మాటలు పాఠంలో చదివి పట్టుకుంటారు, ఈ చిన్న మాటల దగ్గరే తడబడతారు. ఏళ్లుగా ఈ ఊళ్లో ఇంగ్లీషు చెబుతున్న నాకు, క్రియకు చిన్న మాట తగిలిన ఈ ఫ్రేజల్ వెర్బుల మీద ఇంత పట్టింపు అందుకే.

ఇందులో మన పిల్లల తెలివితక్కువతనం ఏమీ లేదు. శామ్యూల్ జాన్సన్ 1755లో అచ్చయిన తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలో, క్రియ పక్కన చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఈ పద్ధతే పరాయివాళ్లను ఎక్కువ ఇబ్బంది పెడుతుందని రాశాడు. 1930లో భాషావేత్త సి.కె. ఆగ్డెన్ 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లీష్’ తయారుచేసి అందులో 18 క్రియలే ఉంచాడు. గెట్, పుట్, టేక్, గివ్ లాంటివాటికి అప్, ఆఫ్, అవుట్ తగిలించి మిగతా పనంతా నడిపించాడు. మాటల లెక్క తగ్గింది కాని నేర్చుకునేవాడి బరువు తగ్గలేదు. గెట్, ఓవర్ రెండూ వచ్చినంత మాత్రాన ‘గెట్ ఓవర్’ అంటే దుఃఖం నుంచో జ్వరం నుంచో తేరుకోవడమని ఎవరికి తోస్తుంది?

గైడ్లలో దీనికి ఒక పట్టిక ఉంటుంది. ఎడమ పక్క ఫ్రేజల్ వెర్బు, కుడి పక్క అర్థం. పిల్లలు బట్టీ పడతారు, పరీక్ష రాస్తారు, వేసవి సెలవులకల్లా మరిచిపోతారు. ఆ పట్టిక మీద నాకు నమ్మకం లేదు. నేను ‘పడు’ నుంచి మొదలుపెడతాను.

మన ఇళ్లలో ‘పడు’ చేయని పని లేదు. జనం ఎగబడ్డరు. దొంగ పట్టుబడ్డడు. గండం నుంచి బయటపడ్డం. కొడుకు మీద ఆధారపడ్డది. ఏజెంటు మాటలకు బుట్టలో పడ్డడు. ఇన్ని అర్థాలను ఏ పట్టికా పెట్టుకోకుండా చిన్న పిల్ల కూడా వాడుతుంది. ఎగబడటంలో కిందికి పడటం ఎక్కడుందని ఆ పిల్ల ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఇంగ్లీషు ‘ఫాల్’ను దీని పక్కన కూర్చోబెట్టండి. ‘ఫాల్ బిహైండ్’ అచ్చంగా వెనుకబడటమే. ‘ఫాల్ ఫర్’ బుట్టలో పడటం. చేతిలో పని పోయినప్పుడు దాచుకున్న పైసల మీద ఆధారపడటం ‘ఫాల్ బ్యాక్ ఆన్’. రెండు భాషలూ పడటాన్నే పట్టుకుని ఎంత దగ్గరగా నడిచాయో చూసినప్పుడు పిల్లల ముఖాలు విప్పారతాయి. కొత్తదేదో నెత్తిన వేస్తున్నారన్న బెదురు పోతుంది.

అయితే అక్కడే ఆపితే మోసం చేసినట్టు. ‘ఫాల్ అవుట్’ అంటే బయటపడటం కాదు, స్నేహితులు మాటామాటా అనుకుని విడిపోవడం. ‘ఫాల్ త్రూ’ అంటే కుదిరిందనుకున్న పని చెడిపోవడం. వీసా చేతిదాకా వచ్చి ఆగిపోయిన ఇంట్లో ఆ మాటకు వేరే వివరణ అక్కర్లేదు. అతుకు వేసే తీరు రెండు భాషల్లో ఒకటే, ఏ అతుకుకు ఏ అర్థమో మాత్రం వాడుకలో వినాల్సిందే.

‘అప్’ సంగతి ఇంకా ఇష్టంగా చెబుతాను. పాలు తాగు అనడానికీ పాలు తాగెయ్ అనడానికీ తేడా తెలియని తల్లి లేదు. రెండో దానిలో గ్లాసు ఖాళీ కావాలి. ‘డ్రింక్ అప్’, ‘ఈట్ అప్’, ‘యూజ్ అప్’లలో ‘అప్’ చేసేది మన ‘ఎయ్’ చేసే పనే. అది పైకి అని కాదు, పూర్తిగా అని. ఈ ఒక్క ముక్క పట్టుబడితే ఒక గుంపు మాటలు ఒకేసారి తెరుచుకుంటాయి.

సిరిసిల్లలో మరమగ్గం దగ్గర నిలబడితే ఫ్రేజల్ వెర్బులు కంటికే కనిపిస్తాయి. నేత చదువు పుస్తకాల్లో మగ్గం కదలికలకు పెట్టిన పేర్లే అవి. బీము నుంచి పడుగు కొద్దికొద్దిగా వదలడం లెట్ ఆఫ్. పేకపోగును నేసిన గుడ్డ అంచుకు తట్టి దగ్గరికి నెట్టడం బీట్ అప్. తయారైన గుడ్డను రోలరు చుట్టుకోవడం టేక్ అప్. పడుగు వదులుతుంటే చూసిన పిల్లకు, తప్పు చేసినవాణ్ణి మందలించి వదిలేయడం కూడా ‘లెట్ ఆఫ్’ అంటే వెంటనే అందుతుంది. కుట్టుపని చేపట్టడం కూడా ‘టేక్ అప్’. బీట్ అప్ మాత్రం వీధిలోకి వస్తే మనిషిని చితకబాదడం అవుతుంది, జాగ్రత్త.

మాటల వరస మనవాళ్లకు ఇంకో చిక్కు. ‘పుట్ ఆన్ ద హెల్మెట్’ అన్నా, ‘పుట్ ద హెల్మెట్ ఆన్’ అన్నా సరే. ‘ఇట్’ వచ్చిందంటే మాత్రం నడుమనే ఉండాలి: పుట్ ఇట్ ఆన్. మనం వస్తువును ముందు చెప్పి క్రియను చివర పెట్టేవాళ్లం, క్రియను చీల్చి నడుమ చోటివ్వడం మనకు అలవాటు లేదు. పైగా ‘లుక్ ఆఫ్టర్’ లాంటివి అసలు చీలవు. లుక్ ఆఫ్టర్ హర్ అనాల్సిందే. దీనికి నోటి సాధన తప్ప దారి లేదు.

ఆ సాధన మన ఊళ్లలో చాలామందికి ఇప్పటికే ఉంది. రాయికల్, కోరుట్ల, మెట్‌పల్లి నుంచి దుబాయికో మస్కట్‌కో పోయి వచ్చినవాళ్లను అడగండి. సెలవు మీద వచ్చిన ఒకతను నాతో అన్నాడు: “సారూ, సైటు మీద ఫోర్‌మన్ టర్న్ ఇట్ ఆఫ్ అన్నడంటే అర్థం సోచాయించే టైమ్ ఉండది. చెయ్యి స్విచ్ మీదికి పోవాలె.” అతనికి ఆ మాటల స్పెల్లింగు రాకపోవచ్చు, ఆన్‌కూ ఆఫ్‌కూ మాత్రం ఎన్నడూ పొరపడడు. పనితో పాటు వచ్చిన మాట అట్లా నిలుస్తుంది.

2022–23 నుంచి మన తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఇంగ్లీషు చెప్పే సార్లకు, మేడమ్‌లకు నా మనవి ఒకటే. గైడు పట్టిక పక్కన పెట్టండి. వారానికి ఒక్క క్రియ తీసుకుని దాని చుట్టూ పిల్లల చేత మాట్లాడించండి, తెలుగు క్రియను దాని పక్కన పెట్టడానికి వెనుకాడకండి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన అన్నలూ, మీ వాడ బడికి ఒక పీరియడ్ పాటు రండి. సైటు మీద విన్న మాటలు, అవి విన్నప్పుడు మీరు చేసిన పనులు పిల్లలకు చెప్పండి.