‘ఓకామి’: కుంచె, దైవం

నాట్యశాస్త్రం ఆరంభంలో ఒక కథ ఉన్నది. ఇంద్రుడు మొదలైన దేవతలు బ్రహ్మను సమీపించి, కంటితో చూడదగినదీ చెవితో వినదగినదీ అయిన ఒక క్రీడనీయకం తమకు కావాలని ప్రార్థించారట. బ్రహ్మ వారికి నాట్యవేదాన్ని ప్రసాదించాడు. క్రీడనీయకమంటే ఆటవస్తువు. దృశ్యకావ్యం పుట్టుకను చెప్పేచోట భరతుడు వాడిన మాట ఇది. దీనిని గుర్తుంచుకున్నవారికి ఒక వీడియో గేమ్‌ను సాహిత్య పత్రికలో విమర్శకు తీసుకోవడం అపచారంగా తోచదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ ఆటవస్తువు చేతికి మాత్రమే పని కల్పిస్తున్నదా, హృదయానికి కూడా కల్పిస్తున్నదా?

ఈ ప్రశ్నకు ఎదురు నిలవగల కృతులలో జపాను నుంచి వచ్చిన ‘ఓకామి’ ఒకటి. క్యాప్‌కామ్ సంస్థకు చెందిన క్లోవర్ స్టూడియో దీనిని నిర్మించింది. దర్శకుడు హిదెకి కమియ, నిర్మాత అత్సుషి ఇనాబ. 2006 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 2 యంత్రం కోసం జపానులో వెలువడింది. ఆ తరువాత వేరు వేరు యంత్రాలకు అనుగుణంగా పలుమార్లు మళ్ళీ వచ్చింది. ఇందులో ఆడేవాడు నడిపేది మనిషిని కాదు, వీరుణ్ణి కాదు. ఒక తెల్లని తోడేలును. ఆ తోడేలు సూర్యదేవత అయిన అమతెరసు.

పేరులోనే శ్లేష ఉన్నది. ఓకామి అన్న ధ్వనికి జపాను భాషలో తోడేలు అని అర్థం. అదే ధ్వనిని వేరే అక్షరాలతో వ్రాస్తే మహాదైవం అని అర్థం. కృతికర్తలు శీర్షికలో వ్రాసినది రెండవది, తెరమీద నడిపించినది మొదటిది. పైగా ‘కామి’ అన్న ధ్వని దైవానికి చెల్లినట్లే కాగితానికి కూడా చెల్లుతుంది. దైవం, మృగం, చిత్రకారుని కాగితం అనే మూడూ ఒక చిన్న మాటలో ఇమిడి ఉన్నవి. ద్వ్యర్థికావ్యాలు వ్రాసిన భాష మనది గనుక ఈ చమత్కారం మనకు వింత కాదు. కాని తెలుగులోకి తెద్దామని కూర్చుంటే అనువాదకునికి చేతికందేది ఆ మూడింటిలో ఒక్కటే. చివరకు పేరును ఉన్నది ఉన్నట్లు ఉంచి, అర్థాన్ని వ్యాఖ్యానంలో చెప్పుకోవలసి వస్తుంది. ఈ కృతి విషయంలో ఆ వ్యాఖ్యానమే విమర్శకు ప్రవేశద్వారం.

కథకు మూలం జపాను ప్రాచీన గ్రంథాలు. 712లో పూర్తి అయిన కోజికి, 720లో పూర్తి అయిన నిహోన్‌షోకి ఆ దేశపు దేవతాగాథలకు ఆధారాలు. అమతెరసు గుహలో దాగినప్పుడు లోకం చీకటిలో మునిగిపోవడం అక్కడి ప్రసిద్ధగాథ. ఆమె తమ్ముడు సుసనోఒ స్వర్గం నుంచి వెడలగొట్టబడి ఇజుమో ప్రాంతానికి వచ్చి, ఎనిమిది తలల ఒరోచి సర్పాన్ని ఎనిమిది తొట్ల మద్యంతో మత్తెక్కించి చంపడం మరొకటి. మూలంలో ఈ సర్పవధలో అమతెరసు పాల్గొనదు. కమియ బృందం ఈ రెండు గాథలను ఒకచోట ముడివేసింది. సుసనోను దేవతాస్థానం నుంచి దింపి, తాతల వీరగాథలు చెప్పుకొంటూ తాగి పడుకొనే ఒక పల్లెటూరి డాంబికుణ్ణి చేసింది. పూర్వగాథను నమ్మక అతడు కత్తిని పెరికివేయడం వల్లనే నూరేళ్ళుగా బంధింపబడి ఉన్న ఒరోచి విడుదల అవుతుంది. రసానికి తగని ఇతివృత్తాన్ని మార్చుకొనే అధికారం కవికి ఉన్నదని ఆనందవర్ధనుడు ఏనాడో అంగీకరించాడు. ఇక్కడ ఆ మార్పు ఏ రసం కోసం జరిగిందో చూడాలి.

సుసనో కత్తి ఎత్తి రాతిమీద దూకుతాడు. అతని చేతిలో ఆ బలం లేదు. సరిగ్గా ఆ క్షణంలో ఆడేవాడు కుంచెతో తెరమీద అడ్డంగా ఒక గీత గీయాలి. రాయి రెండుగా చీలుతుంది. సుసనో ఆ పని తానే చేశాననుకొని మురిసిపోతాడు. తరువాత మద్యం కాచే కుషి అనే యువతిని కాపాడడానికి ఒరోచి ముందు నిలిచినప్పుడు కూడా అతనికి ఈ అదృశ్యసహాయం అందుతూనే ఉంటుంది. ఇది మొదట హాస్యంగా కనబడుతుంది. క్రమంగా హాస్యం పలుచబడి, దాని అడుగున ఉన్న కరుణ పైకి తేలుతుంది. దైవం పిరికివానికి ధైర్యం ఇస్తున్నది, ఇచ్చినట్లు చెప్పుకోవడం లేదు. అమతెరసు కృతి మొత్తం మీద ఒక్క మాట కూడా పలుకదు. జనం కంటికి ఆమె తెల్లకుక్క వలె కనబడుతుంది. ఆమె దేహంమీది ఎర్రని రేఖలు బహు కొద్దిమందికే గోచరిస్తాయి.

చిత్రకళ విషయానికి వద్దాము. ఒక మీట నొక్కితే లోకం నిలిచిపోతుంది. రంగులు తగ్గి తెర పాతకాగితం వలె మారుతుంది. కుంచె చేతికి వస్తుంది. ఆకాశంలో వలయం గీస్తే సూర్యుడు ఉదయిస్తాడు. ఎండిన చెట్టు చుట్టూ వలయం గీస్తే పూలు పూస్తాయి. విరిగిన వంతెనమీద సిరా పూస్తే వంతెన నిలుస్తుంది. నక్షత్రమండలంలో లోపించిన చుక్కను పెడితే, ఆ చుక్కలనుంచి ఒక కుంచెదేవత వెలువడి కొత్త విద్యను నేర్పుతుంది. ఈ విద్యలు పదమూడు. రాశిచక్రంలోని పన్నెండు జంతువులకు పిల్లిని చేర్చి ఈ సంఖ్య సాధించారు.

ఈ చిత్రణకు ఆధారం జపానులో సెష్షూ వంటివారు పదిహేనవ శతాబ్దంలో పరాకాష్ఠకు తెచ్చిన నల్లసిరా చిత్రరచన. దానికి చెక్కఅచ్చుల చిత్రాల గట్టిరేఖలూ రంగులూ తోడైనవి. గీత ఒకచోట బలిసి, ఒకచోట సన్నగిల్లి, మరొకచోట తెగిపోతుంది. గీయకుండా వదలిన చోటు కూడా చిత్రంలో భాగమే. నిర్మాతలు మొదట యథార్థచిత్రణ పద్ధతిలోనే ఆరంభించారు. ఆనాటి యంత్రం ఆ బరువును మోయలేకపోవడం వారు సంప్రదాయరేఖల వైపు మళ్ళడానికి ఒక కారణమైనది. చిత్రకారునికి కావలసినన్ని రంగులు దొరకనప్పుడు రేఖకు ప్రాణం వస్తుందన్న పాతమాట ఇక్కడ మరొకసారి రుజువైనది.

ఈ చిత్రసంప్రదాయం మనకు పూర్తిగా పరాయిది కాదు. ఒకాకురా కకుజో ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కలకత్తా వచ్చి ఠాకూరు కుటుంబంతో స్నేహం చేశాడు. 1903లో యొకొయామ తైకన్, హిషిద షున్సో అనే చిత్రకారులు వచ్చారు. వారి పనిని చూసి అవనీంద్రనాథుడు రంగును నీటితో కడిగి పలుచబరచే పద్ధతిని తన చిత్రాలలో ప్రవేశపెట్టాడు. ఆ వంగసంప్రదాయం ప్రమోదకుమార ఛటర్జీతో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు చేరింది. అక్కడ ఆయన వద్ద నేర్చినవారిలో మన అడివి బాపిరాజు ఒకరు. బాపిరాజు చిత్రాలు చూసి పెరిగిన కన్ను ‘ఓకామి’ పొగమంచులో కొంత పరిచయాన్ని గుర్తుపట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. కుంచె చేతికిచ్చారు సరే, ఆడేవానికి స్వేచ్ఛ ఎక్కడిది? పదమూడు నియతరేఖలు తప్ప మరేమి గీచినా సిరా ఆరిపోతుంది, లోకంలో ఏ మార్పూ రాదు. దీనిని ఛందస్సుతో పోల్చి సమర్థించవచ్చుననిపిస్తుంది. కాని ఆ పోలిక సగమే నిజం. పద్యంలో గణం నియతం, మాట కవిది. ఇక్కడ మాట కూడా ముందే నిర్ణయమై ఉన్నది. కనుక ఆడేవాణ్ణి కవి అనడం ముఖస్తుతి మాత్రమే. నాకు తోచిన పోలిక వేరు. అర్చకుడు పట్టే ముద్రలు అతడు కల్పించినవి కావు. వాటిని మార్చే అధికారమూ అతనికి లేదు. అయినా ఆ చేయి కదిలినప్పుడే పూజ జరుగుతుంది. ఎదుట కూర్చున్నవాడు చూసినంత మాత్రాన జరగదు. ‘ఓకామి’ ఆడేవానికి ఇచ్చినది కవిత్వం కాదు, అర్చకత్వం. ఆకాశంలో ఆ వలయాన్ని తన చేతితో గీచినవాడికి సూర్యోదయం కేవలం దృశ్యంగా మిగలదు. చదివే కావ్యానికీ చూసే నాటకానికీ సులభంగా అందని ఫలం ఇది. ఈ కళారూపానికి సొంతమైన గుణం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

కథాంతం ఈ అభిప్రాయాన్ని బలపరుస్తుంది. చీకటికి అధిపతి అయిన యమి ఎదుట అమతెరసు తన శక్తులన్నీ కోల్పోతుంది. ఆమె వెంట తిరిగిన ఇస్సున్ అంగుష్ఠమాత్రుడు, దేశదిమ్మరి చిత్రకారుడు. తాత అప్పగించదలచిన బాధ్యతను తప్పించుకొని ఇల్లు విడిచినవాడు. అతడు చివరకు ఆ బాధ్యతను స్వీకరించి, దేవి రూపాన్ని చిత్రించి జనంలో పంచుతాడు. తెల్లకుక్క అనుకొన్నవారు ఆ చిత్రంలో దేవతను గుర్తించి ప్రార్థిస్తారు. ఆ ప్రార్థనతో దేవికి శక్తి తిరిగి వస్తుంది. దైవానికి కూడా చిత్రకారుడు కావలసి వచ్చినాడు. జనం ఎదుటనే తిరుగుతున్నదాన్ని జనానికి కనబడేటట్లు చేయడమే అతని పని. కలం పట్టిన వారందరికీ ఈ ఘట్టం ఆప్తంగా తోచాలి.

మరొక సంగతి. అమతెరసు జపాను చక్రవర్తుల వంశానికి మూలదేవతగా చెప్పబడినది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేవరకు ఆ విశ్వాసాన్ని రాజ్యం తన అవసరాలకు వాడుకున్నది. 1946 జనవరి 1న చక్రవర్తి హిరొహితో తన దైవత్వాన్ని నిరాకరిస్తూ ప్రకటన చేయవలసి వచ్చింది. అటువంటి చరిత్ర గల దేవతను మళ్ళీ కథానాయికగా నిలపడం అంత నిరపాయమైన పని కాదు. ఈ కృతి ఆమెను సింహాసనం పక్కన కాక చెట్ల మధ్య నిలిపింది. ఆమె శక్తి పెరగడానికి యుద్ధవిజయం చాలదు. పిట్టలకు గింజలు వేయాలి, మోడులను పూయించాలి, ముసలివారి చిన్న చిన్న పనులు చేసిపెట్టాలి. దేవతను రాజ్యం నుంచి విడిపించి తిరిగి పొలానికి అప్పగించిన ఈ వివేకం కృతికర్తలకు పెద్ద గౌరవం తెచ్చిపెట్టదగినది.

దోషాలు లేవని కాదు. దేవి మౌనం ఎంత గొప్పదో ఇస్సున్ వాచాలత అంత విసుగు. ఆడేవాడు చూసి గ్రహించవలసినదాన్ని అతడు ముందే విప్పి చెబుతాడు. వ్యంగ్యంగా ఉండవలసినది వాచ్యమై తేలిపోతుంది. స్త్రీపాత్రల దేహాలను గూర్చి అతడు చేసే చేష్టలూ పరిహాసాలూ ఔచిత్యాన్ని భంగపరుస్తాయి. వనదేవత సకుయ మొదటిసారి కనబడే గంభీరసన్నివేశమే ఇందుకు ఉదాహరణ. ఒకే రసాన్ని మళ్ళీ మళ్ళీ ఉద్దీపింపజేయడం దోషమని మమ్మటుడు చెప్పాడు. ఇందులో ఒరోచితో పోరు మూడుసార్లు వస్తుంది. మొదటిసారి కలిగిన అద్భుతం మూడవసారికి అలసటగా మిగులుతుంది. నిడివి పెంచి వెలకు తగిన సరుకు చూపాలన్న వర్తకపు ఆలోచన ఇక్కడ కళను జయించింది.

ఈ కృతి భాగధేయం కూడా చెప్పుకోదగినది. 2006వ సంవత్సరపు జపాను మీడియా కళోత్సవంలో వినోదవిభాగపు ప్రథమ బహుమానం దీనికి లభించింది. అదే సంవత్సరం అక్టోబరులో క్లోవర్ స్టూడియోను మూసివేస్తున్నట్లు యాజమాన్యం ప్రకటించింది. పండితులు మెచ్చుకొన్నారు, కొనేవారు తక్కువైనారు. అయినా ఆడినవారు దీనిని మరువలేదు. పదునెనిమిదేళ్ళ తరువాత, 2024 డిసెంబరులో, కమియ దర్శకత్వంలోనే దీనికి కొనసాగింపు రానున్నదన్న ప్రకటన వెలువడింది.

కొత్త కృతి ఎట్లుంటుందో అది వచ్చిన తరువాత తేలుతుంది. పాతకృతిమీద నా తీర్పు ఇది. మాటలు తగ్గించి, పునరుక్తిని విడిచి ఉంటే ఇది ఉత్తమకృతులలో నిస్సంశయంగా చేరేది. ఇప్పుడు కూడా, మోడువారిన నేలమీద ఆడేవాని చేతి గీతతో పూలు విచ్చుకొంటూ పోయే ఆ కొద్ది నిమిషాలలో, దేవతలు బ్రహ్మను అడిగిన క్రీడనీయకానికి దగ్గరచుట్టమే అనిపిస్తుంది. పురాణగాథలను మళ్ళీ చెప్పబూనే మన రచయితలు ఒకసారి దీనిని ఎదుట పెట్టుకొని చూడడం మంచిది. దేవతల చేత ఆయుధాలు పట్టించడానికి మించిన పని కూడా కవికి ఉన్నదని ఇందులో తెలుస్తుంది.