ఉద్దానపు ఇసుకపై నాకౌటు చెడుగుడు

పలాసనుండి తూర్పునకు వజ్రపుకొత్తూరు దిక్కుగా సాగి, జీడితోటలను కొబ్బరితోటలను దాటి శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున సముద్రతీరమును సమీపించు బాటసారికి సంక్రాంతి దినములలో తరచుగా ఒక దృశ్యము కానవచ్చును. తోటకును ఊరికిని నడుమనున్న ఖాళీస్థలమున ఇసుకను చదునుచేసి, సున్నముతో గీతలు గీసి, నలుమూలల గడలు నాటి విద్యుద్దీపములు కట్టి, చుట్టును త్రాడు బిగించియుందురు. మైకు ముందు కూర్చున్నవారు ఏ ఊరి జట్టు ఏ ఊరి జట్టుతో తలపడవలెనో చదువుచుందురు. త్రాటికి ఇవతల ముందువరుసలో పిల్లలు, వారి వెనుక పెద్దలు, మేడలపై ఆడువారు చేరి, నాకౌటు చెడుగుడు పందెములకై ఎదురుచూచుచుందురు.

ఓడినవారు అప్పుడే నిష్క్రమించుట, గెలిచినవారు మాత్రమే తరువాతి అంచెకు పోవుట అను ఈ పద్ధతిని పల్లెలు కోరుకొనుటకు మొదటి కారణము కేవలము లెక్క. పదునారు జట్లు చేరినపుడు ప్రతి జట్టును తక్కిన అన్ని జట్లతో ఆడింపబూనినచో 120 ఆటలు కావలెను. నాకౌటున 15 ఆటలతో విజేత తేలును. నియమానుసారముగా ఆడినచో ఒక్కొక్క భాగము 20 నిమిషములు, నడుమ 5 నిమిషముల విరామము, వెరసి ఆటకు ముప్పాతిక గంట. అనగా 15 ఆటలకు పదకొండు గంటలపైమాట. భోగినాడు మొదలిడి కనుమనాటికి బహుమతులు పంచవలసిన ఊరికి ఇంతకన్న ఎక్కువ పట్టు పద్ధతి పనికిరాదు. పదమూడు జట్లే వచ్చినచో చీటీలు వేసి మూడింటికి ‘బై’ ఇత్తురు. ఆ మూడును తొలి అంచె ఆడకయే రెండవ అంచెలో అడుగిడును. ఆ చీటీలను పందెముతో సంబంధములేని పసివానిచేత, అందరి యెదుట తీయించుట మంచిది. అలసట లేక వచ్చిన జట్టును చూచి అలసిన జట్టు అభిమానులు అనుమానపడు సందర్భములు అప్పుడు తగ్గును.

ఇదే పద్ధతి లోకపు మరియొక కొన మరియొక రూపమున వర్ధిల్లుచున్నది. దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ క్లబ్బులు 1960 నుండి ఆడుచున్న కోపా లిబర్తదోరెస్ పోటీలో, గ్రూపు దశ ముగిసి పదునారు జట్లు మిగిలిన పిదప, తుది పోరు మినహా ప్రతి జంటయు రెండుమార్లు తలపడును: ఒకమారు ఒకరి నగరమున, రెండవమారు రెండవవారి నగరమున. రెండాటల గోలులును కూడగా సమానమైనచో, అదనపు సమయము లేకయే నేరుగా పెనాల్టీ తన్నులకు పోవుదురు, జట్టునకు ఐదేసి. పరాయిగడ్డపై కొట్టిన గోలుకు ఎక్కువ విలువనిచ్చు పాత నియమమును 2022 పోటీలనుండి తొలగించిరి. బొలీవియాలోని లా పాజ్ నగరపు మైదానము సముద్రమట్టమునకు 3,600 మీటర్ల యెత్తున నుండుటచే, మైదానప్రాంతములనుండి వచ్చిన జట్లు అచ్చట తమ శత్రువులకన్న ముందు తమ ఊపిరితోనే పెనుగులాడవలసివచ్చును. అందులకే అచ్చట రెండాటల యేర్పాటు న్యాయమైనది. మన పల్లెపందెములలో రెండవ ఆట లేదు. ఊపిరి తడబడిన ఒక్క ఘడియతోనే ఊరిపేరు పలకనుండి తుడిచివేయబడును.

లా పాజ్‌నకు పలుచని గాలి యెట్లో ఉద్దానమునకు ఇసుక అట్లు. టెక్కలి వైపు వరికోతలయిన పొలములలో గట్టిపడిన నేలపై ఆడుటకలవాటుపడిన కూతగాడు తీరమునకు వచ్చినపుడు, అతని పాదము దిగబడి, వెనుదిరుగుటకు అరక్షణము ఆలస్యమగును. నేలపై చిటికెలో తప్పించుకొనిపోవు మడమ ఇసుకలో చేతికి చిక్కును. పట్టువానికి మాత్రము ఇసుక మిత్రము. పడినచో మోకాలు చెక్కుకొనదు, కనుక జంకులేక దుముకును. ఈ తీరపు జట్లు పట్టులో పేరుపొందుటకు ఇదియొక హేతువని నా నమ్మకము.

ఇక విద్య విషయము. కూత ఈ క్రీడకు ప్రాణము. మధ్యగీతను దాటకమునుపే అది మొదలుకావలెను. ఆలస్యమైనచో ఎదుటివారికి ఒక పాయింటును, కూతకు వెళ్లు వంతును దక్కును. ఒక్క ఊపిరితో, తెగకుండ, అంపైరు చెవికి స్పష్టముగ వినబడుచు, తిరిగి స్వస్థానమున అడుగిడువరకు సాగవలెను. నేటి నియమము ‘కబడ్డీ’ అను మాటనే కోరును; పూర్వము మన పల్లెలలో ‘చెడుగుడు’ అనియు, ప్రాసలు కూర్చిన పాటముక్కలతోను కూత పెట్టెడివారు. గడువు 30 సెకనులు. కదలక కూర్చుండి 30 సెకనులు కూయుట పిల్లలకును సాధ్యమే; పరుగెత్తుచు, వంగుచు, వెనుకకు తన్నుచు, ఇద్దరు నడుము పట్టి లాగుచుండగా కూయుట వేరు. అనుభవశాలి గీత దాటునపుడు గొంతు పెంచడు. మంద్రముగా, సమగతిని సాగించి, దమ్ములో అధికభాగమును పెనుగులాటకై దాచుకొనును. ఆరంభమునందే బిగ్గరగా అరచువానిని చూచి పిల్లలు చప్పట్లు కొట్టుదురు. పట్టువారు మాత్రము సంతసింతురు, ఏలయన వాని దమ్ము త్వరలో కరగిపోవునని వారెరుగుదురు.

పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్యగీతకు 3.75 మీటర్ల దూరమున బాక్ లైన్, దానికి మీటరు అవతల బోనస్ లైన్. ఎవరిని తాకని కూతగాడు బాక్ లైను దాటక తిరిగివచ్చినచో అతడు అవుటగును. ఆరుగురుగాని ఏడుగురుగాని పట్టువారున్నపుడు బోనస్ లైనుకు అవతల ఒక పాదము మోపి రెండవ పాదమును గాలిలో నిలిపినచో ఒక పాయింటు. చేతితాకుడు, కాలివ్రేలి తాకుడు, వెనుకతన్ను, చేతులు కలిపి నిలిచిన జంట క్రిందుగా దూరిపోవు డుబ్కీ: కూతగాని విద్యలు ఇవి మొదలుగా చాల కలవు. వానిని ఈనాడు టీవీలో చూడని బాలుడు లేడు. కనుక వాని వర్ణన విస్తరింపను.

నేను చెప్పదలచినది మూల కాచువానిని గూర్చి. ఏడుగురు అర్ధచంద్రాకారమున నిలిచినపుడు ఇరుకొనల ఉండువారు మూల ఆటగాండ్రు. జనము కూతగాని పేరు కేకవేయును. నాకౌటు ఆటను గెలిపించువాడు మాత్రము బహుధా మూలనున్నవాడే. కారణము నియమములలోనే యున్నది. ఓడినచో ఇంటికి పోవలసిన ఆటలో ఇరుజట్లును సాహసమునకు వెనుదీయును. కూతగాడు బాక్ లైను దాటి, ఎవరిని తాకకయే, ఎవరికి చిక్కకయే తిరిగివచ్చును. అట్టి వట్టికూతలు వరుసగా రెండైన పిమ్మట మూడవది ‘డూ ఆర్ డై’: పాయింటు తేవలెను, లేదా అవుటు కావలెను. ఇప్పుడు వచ్చువాడు తప్పక లోపలికి రావలెనని పట్టువారెరుగుదురు. అతడు కాలు చాపవలసిన చోట మూలవాడు కాచుకొనియుండును.

ఆ క్షణమును దగ్గరనుండి చూడవలెను. ఎడమ మూలవాడు మోకాళ్లు వంచి, పాదములను వెడల్పుగా ఇసుకలో కుదుర్చుకొని, ప్రక్కవాని మణికట్టును పట్టుకొని, మడమపై కాక మునివ్రేళ్లపై బరువుంచి నిలుచును. కూతగాని భుజము కదలును, మూలవాడు కదలడు. కన్ను కదలును, కదలడు. త్రాటి ఆవలనుండి ఒక వృద్ధుడు, “మొకం సూడకురా గుంటా, కాలు సూడు!” అని కేకవేయును. ఏడేండ్ల అభ్యాసమున నేర్వదగినదంతయు ఆ కేకలో నున్నది. భుజము వంచించును, కన్ను వంచించును. బరువు మోయుచున్న కాలు వంచింపజాలదు. కూతగాడు ఒక కాలిపై నిలిచి రెండవ కాలు చాచినంతనే, మూలవాడు ప్రక్కవాని చేయి విడిచి నేలబారున దూకి, ఒక చేయి మడమ వెనుకను మరియొక చేయి చీలమండకు ముందును వేసి, భుజమును అతని పిక్కకానించి తనవైపునకు పైకెత్తి లాగును. క్రిందికి లాగినచో కూతగాడు పడి, పడినచోటనుండియే చేయి చాచి గీతనందుకొనవచ్చును; పైకెత్తినచో నిలుచుటకు ఆధారము పోవును. తొందరపడి ముందే దూకినవాడు ఎదుటివారికి పాయింటు నిచ్చును, ఆలస్యమైనవానికి ఇసుక మిగులును.

పట్టు అంతటితో పూర్తికాదు. ఒక్కని చేతిలోని చీలమండను బలశాలి విదిలించుకొనగలడు. నడుమ కాచు కవర్లు ఇద్దరును అదే క్షణమున ముందుకు వచ్చి, ఒకడు నడుము పట్టి, ఒకడు మధ్యగీతవైపు దారి మూయవలెను. తీరమున అలివివల లాగువారిని చూచినవారికి ఇది సులభముగ బోధపడును: రెండు త్రాళ్లకు రెండు గుంపులు వెనుకకు వాలి, ఒకే అడుగుగా లాగుదురు, ఒక గుంపు వెనుకబడినచో వల ఒరిగి చేపలు జారిపోవును. వలలాగు చేతులు, కొబ్బరిచెట్లెక్కు తొడలు, జీడిపిక్కల బస్తాలు మోయు నడుములు ఈ బరులలోనికి తమ బలమును తామే తెచ్చుకొనును. వ్యాయామశాల లేని ఊళ్లనుండి ఇంత దృఢమైన పట్టు వచ్చుట చూచి ఆశ్చర్యపడువారు ఆ శ్రమను లెక్కింపరు.

నిషేధములును ఈ విద్యలో భాగమే. నోరు మూసి కూత ఆపరాదు, జుట్టుగాని బట్టగాని పట్టరాదు, కాళ్లతో కత్తెరవేయరాదు, దేహమునకు నూనె రాయరాదు. ఆటకు ముందు రిఫరీ వరుసగా చేతులు చాపించి గోళ్లు పరీక్షించును. పెరిగినవానిని అక్కడనే కత్తిరింపజేయును. ఊళ్లకు ఊళ్లు పంతముతో ఊగిపోవు రాత్రివేళ ఈ చిన్న పరీక్ష నాకు మిక్కిలి గౌరవార్హముగ తోచును. ఎదుటివాని మేనికి గీటు పడకూడదన్న జాగ్రత్త తీసికొనిన పిమ్మటనే వానిని పడవేయుటకు అనుజ్ఞ లభించును.

జట్టు క్షీణించినపుడు మూలవాని విలువ మరింత పెరుగును. ముగ్గురుగాని అంతకు తక్కువగాని మిగిలిన వేళ పట్టిన పట్టు సూపర్ ట్యాకిల్. దానికి రెండు పాయింట్లు. అందరును అవుటైనచో లోనా క్రింద ఎదుటివారికి అదనముగ రెండు పాయింట్లు పోవును. కనుక ముగ్గురు మిగిలిన జట్టులో మూలవాడొకడున్నచో ఆట చావలేదనియే అనుభవజ్ఞులు భావింతురు. అవుటై గీత వెలుపల కూర్చున్నవాడు తిరిగి బ్రదికి లోనికి వచ్చుట ఆ ఒక్క పట్టుపై ఆధారపడును. ఇరుజట్లును సమానముగ ముగించినచో జట్టునకు ఐదేసి కూతలు, ఐదుగురు వేర్వేరు కూతగాండ్రతో. అప్పుడు బాక్ లైనే బోనస్ లైనుగా పరిగణింపబడును, అవుటైనవాడు బయటకు పోనక్కరలేదు. లిబర్తదోరెస్ పెనాల్టీలును ఐదేసియే. అచ్చట గోలుకీపరు ఒంటరి. ఇచ్చట ఏడుగురు చేతులు కలిపి నిలుతురు. అప్పటికిని తేలనిచో గోల్డెన్ రైడ్, అనగా గెలుపు తేల్చు అదనపు కూత.

అవిభక్త శ్రీకాకుళము జిల్లా దేహబలమునకు పేరుగన్నది. వీరఘట్టమున పుట్టి, 1942లో గతించిన మల్లవీరుడు కోడి రామమూర్తినాయుడు ఇచ్చటివాడే. 2000 సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోలెత్తి కాంస్యపతకము గొన్న కరణం మల్లీశ్వరి ఆమదాలవలస చెంత ఊసవానిపేట బిడ్డయే. ఆ కీర్తులు ఒక్కరి భుజములపై నిలిచినవి. చెడుగుడు పట్టునకు అట్టి కీర్తి రాదు; స్కోరుపుస్తకమున పాయింటు జట్టుకు పడును, నలుగురి చేతులలో ఏ చేయి ముందు పడెనో మరునాటికి ఎవరికిని జ్ఞాపకముండదు. ఈ కారణముననే పల్లెకు ఈ ఆట విలువైనదని తలంచుచున్నాను. వలసపోయి గుజరాతు రేవులలో వేటచేయు యువకులు, పలాస-కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలలో పనిచేయువారు, కళాశాల విద్యార్థులు ఏడాదిలో ఆ రెండుమూడు దినములే ఒకరి మణికట్టు ఒకరు పట్టుకొని నిలుతురు.

నిర్వాహకులకు ఒక విన్నపము. మూత్రపిండవ్యాధి ఎన్ని ఇండ్లను కూల్చెనో ఉద్దానమున వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి సీమలో మిట్టమధ్యాహ్నపుటెండలో, త్రాగునీరు దూరముగనుంచి, ఒక జట్టుచే ఒకేపూట మూడాటలాడించుట తగదు. తొలి అంచెలను ప్రొద్దుటను సాయంకాలమును పంచి, బరికి ఇరువైపుల శుద్ధమైన నీటిని ఉంచి, ఆటకును ఆటకును నడుమ గంటకు తగ్గని విరామమిచ్చినచో బహుమతి సొమ్ము కొంత తగ్గినను నష్టములేదు.

1936లో బెర్లిన్ ఒలింపిక్సు సందర్భమున ప్రదర్శింపబడి, 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకక్రీడయై, 2014 నుండి ప్రో కబడ్డీ లీగుతో ధనమునార్జించిన ఈ ఆట నేడు మ్యాటుపై, బూట్లతో సాగుచున్నది. జిల్లాజట్టు ఎంపికకు వెళ్లిన తీరపు బాలుడు ఇసుకలో దిగబడుటకలవాటుపడిన పాదముతో మ్యాటుపై జారును. దుముకుటకు జంకెరుగని మూలవాడు, అచ్చట కూతగాని కాలు తనకన్న వేగముగ తప్పుకొనుట చూచి విస్మితుడగును. లోపము బాలునిది కాదు, తెరువులేమిది. పలాసలో నొకటి, టెక్కలిలో నొకటి మ్యాటు పరచి, వారమునకు రెండు సాయంకాలములు తీరగ్రామముల బాలురకు విడిచినచో చాలును. నేర్పుటకు దూరమునుండి ఎవరిని పిలువనక్కరలేదు. మోకాళ్లరిగి ఆట మానుకొని, త్రాటి ఆవల నిలిచి “కాలు సూడు” అని కేకలిడు పెద్దలు ప్రతి ఊర నున్నారు. వారిని బస్సు ఛార్జీలిచ్చి పిలిపించి, మ్యాటు ప్రక్కన కుర్చీ వేసి కూర్చుండబెట్టవలెను.